పింగ్ వెళ్తుంది, ఫైలు కదలదు: వర్చువల్ మెషీన్లలో ఆఫ్‌లోడ్ సెట్టింగుల చిక్కు, సరిచేసే పద్ధతి

వర్చువల్ మెషీన్‌కు పింగ్ చక్కగా వెళ్తుంది. రిమోట్‌లో లాగిన్ కూడా అవుతుంది. కానీ బ్యాకప్ కాపీ మొదలుపెడితే కాసేపటికే ఆగిపోతుంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏడాది లెడ్జర్ తెరిస్తే స్క్రీన్ బిగుసుకుపోతుంది. కేబుల్ మారుస్తారు, స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తారు, ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తారు. చివరికి కొత్త స్విచ్ కొనేదాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇన్ని చేసినా తేడా రాకపోతే చూడాల్సిన చోటు ఇంకొకటి మిగిలి ఉంటుంది. అదే నెట్‌వర్క్ ఆఫ్‌లోడ్ సెట్టింగులు.

ఈ సమస్యకు ఎక్కువగా వినిపించే సలహా ఒక్కటే: 'ఆఫ్‌లోడ్‌లు అన్నీ ఆపేయండి'. కొన్నిసార్లు దాంతో పని జరుగుతుంది. అయితే అసలు తప్పు ఎక్కడుందో తెలియకుండానే ఉండిపోతుంది, ప్రాసెసర్ మీద భారం శాశ్వతంగా పడుతుంది. ఏది ఆపాలి, ఎక్కడ ఆపాలి, ఎంతకాలం ఆపాలి అన్నది తెలుసుకుని చేస్తే నష్టం తక్కువ.

అసలు ఆఫ్‌లోడ్ అంటే?

కంప్యూటర్ పంపే డేటా ప్యాకెట్లుగా విడిపోయి వెళ్తుంది. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠంగా 1,500 బైట్లు. అందులో హెడర్లు పోను టీసీపీ డేటాకు మిగిలేది సాధారణంగా 1,460 బైట్లు. ప్రతి ప్యాకెట్‌కూ చెక్‌సమ్ అనే 16 బిట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. దారిలో డేటా చెడిపోతే అవతలివైపు ఆ లెక్క కుదరదు, ప్యాకెట్‌ను పడేసి మళ్లీ పంపించుకుంటుంది. బిల్లు కింద మొత్తం వేసి, అవతలివాళ్లు మళ్లీ కూడి చూసుకోవడం లాంటిదే.

10 గిగాబిట్ లైను నిండా నడవాలంటే సెకనుకు సుమారు 8.1 లక్షల పూర్తి సైజు ప్యాకెట్లు కావాలి. 1 గిగాబిట్ లైనుకైనా 81 వేలు. ప్రతిదానికీ ముక్క కోయడం, హెడర్ అతికించడం, చెక్‌సమ్ లెక్కించడం ప్రాసెసరే చేస్తే వేరే పనికి సమయం మిగలదు. అందుకే ఆ పనిని నెట్‌వర్క్ కార్డుకు అప్పగిస్తారు. దాన్నే ఆఫ్‌లోడ్ అంటారు. ముఖ్యంగా తెలుసుకోవాల్సినవి ఇవి:

చెక్‌సమ్ ఆఫ్‌లోడ్: పంపేటప్పుడు చెక్‌సమ్ గడి నింపే పని కార్డుది. వచ్చేటప్పుడు సరిచూసే పని కూడా కార్డుదే.

టీఎస్‌ఓ: ఆపరేటింగ్ సిస్టమ్ 64 కిలోబైట్ల వరకు ఉన్న పెద్ద ముద్దను ఒకేసారి ఇస్తుంది, దాన్ని సుమారు 45 ప్యాకెట్లుగా కార్డు కోస్తుంది. విండోస్‌లో దీని పేరు ఎల్‌ఎస్‌ఓ.

జీఎస్‌ఓ: ఇదే పనిని లినక్స్ కెర్నల్ సాఫ్ట్‌వేర్‌లో, వీలైనంత చివరి దశలో చేస్తుంది. 2006లో 2.6.18 వెర్షన్‌తో వచ్చింది.

ఎల్‌ఆర్‌ఓ, జీఆర్‌ఓ: ఇవి వచ్చే ప్యాకెట్ల కోసం. చిన్నవాటిని కలిపి పెద్ద ముద్దగా చేసి పైకి ఇస్తాయి. ఎల్‌ఆర్‌ఓ పాత పద్ధతి, అది కలిపాక ముక్కలను మళ్లీ మొదటిలా విడదీయడం అన్నిసార్లూ కుదరదు. 2009లో లినక్స్ 2.6.29తో వచ్చిన జీఆర్‌ఓ ఆ లోపాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందే. విండోస్‌లో ఇలాంటి పని చేసేది ఆర్‌ఎస్‌సీ.

వీఎంలో ఎందుకు చిక్కు?

మామూలు కంప్యూటర్‌లో ఇద్దరే ఉంటారు: ఆపరేటింగ్ సిస్టమ్, కార్డు. వర్చువల్ మెషీన్‌లో అలా కాదు. గెస్ట్ లోపల కనిపించే కార్డు నిజమైన కార్డు కాదు, సాఫ్ట్‌వేరే. కేవీఎంలో దాని పేరు వర్టియో, వీఎంవేర్‌లో వీఎంఎక్స్‌నెట్3. దాని వెనక హోస్ట్‌లో ఒక ట్యాప్, దానికి కలిసి బ్రిడ్జ్ లేదా వర్చువల్ స్విచ్, ఆ తర్వాతే అసలు కార్డు. మధ్యలో వీపీఎన్ లేదా టన్నెల్ ఉంటే మరో చెయ్యి మారుతుంది.

గెస్ట్ ఏం చేస్తుందంటే, చెక్‌సమ్ గడిని పూర్తిగా నింపకుండా 'తర్వాతివాళ్లు నింపుతారు' అని గుర్తు పెట్టి వదిలేస్తుంది. ఒకే హోస్ట్‌లోని రెండు వీఎంల మధ్య అయితే ఆ ప్యాకెట్ మెమరీలోనే చేతులు మారుతుంది, తీగ మీదకే వెళ్లదు. అందుకని దాన్ని ఎవరూ నింపరు, నింపాల్సిన అవసరమూ ఉండదు. ఇది తప్పు కాదు, వేగం కోసం కావాలనే పెట్టిన ఏర్పాటు.

తంటా ఎక్కడంటే ఆ గుర్తును మధ్యలో ఎవరో ఒకరు చదవకపోవడం. క్యాషియర్ మొత్తం వేస్తాడని గుమాస్తా, గుమాస్తా వేసే ఉంటాడని క్యాషియర్ అనుకుంటే ఖాళీ ఓచర్ అలాగే బయటకు పోతుంది. వీఎంలలో ఆఫ్‌లోడ్ సమస్యలు చాలావరకు ఈ రకానివే. పని ఎవరిదన్న ఒప్పందం ఎక్కడో ఒకచోట తెగింది. ట్రబుల్‌షూటింగ్ అంటే ఆ చోటు పట్టుకోవడమే.

ముందు ఇది ఆఫ్‌లోడ్ సమస్యేనా?

సెట్టింగులు ముట్టుకునే ముందు మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది ప్యాకెట్ సైజు. చిన్న పింగ్ వెళ్లి పెద్దది వెళ్లకపోతే అది ఎంటీయూ సమస్య, ఆఫ్‌లోడ్‌ది కాదు. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో 1,472 బైట్ల పింగ్ కొట్టాలి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1,500 అవుతుంది. విండోస్‌లో దీనికి పింగ్ తర్వాత మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ ఆప్షన్లు. లినక్స్‌లో మైనస్ పెద్ద ఎమ్ తర్వాత 'డు', ఆపై మైనస్ చిన్న ఎస్. ఇది వెళ్లకపోతే దారిలో టన్నెల్ ఉందేమో చూడాలి. ఉదాహరణకు వీఎక్స్‌లాన్ టన్నెల్ 50 బైట్లు తినేస్తుంది, లోపలి ఎంటీయూ 1,450కి తగ్గించాల్సి ఉంటుంది.

రెండోది దిశ. ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనంతో వీఎం నుంచి బయటకు ఒకసారి, పెద్ద ఆర్ ఆప్షన్‌తో బయట నుంచి వీఎంకు ఒకసారి వేగం కొలవాలి. పంపేటప్పుడే నెమ్మదిగా ఉంటే అనుమానం టీఎస్‌ఓ, పంపే చెక్‌సమ్ మీద. వచ్చేటప్పుడే నెమ్మదిగా ఉంటే జీఆర్‌ఓ, ఎల్‌ఆర్‌ఓ, ఆర్‌ఎస్‌సీ మీద. రెండువైపులా ఒకేలా చెడితే ముందు కేబుల్, పోర్టు, స్విచ్ చూడటమే మేలు.

మూడోది లెక్కలు. లినక్స్‌లో ఎన్‌స్టాట్ కమాండ్ చూపే జాబితాలో టీసీపీ ఇన్‌సీసమ్‌ఎర్రర్స్ అనే వరుస ఉంటుంది. చెక్‌సమ్ కుదరక పడేసిన ప్యాకెట్ల సంఖ్య అది. డేటా అందుకునే వైపు ఈ సంఖ్య పెరుగుతూ ఉంటే చెక్‌సమ్ గొడవ ఉన్నట్టే. ఇది సున్నాగా ఉండి, మళ్లీ పంపిన ప్యాకెట్ల సంఖ్య మాత్రం పెరుగుతుంటే కారణం వేరేచోట ఉండొచ్చు.

అదే హోస్ట్‌లోని మరో వీఎంతో, బయట ఉన్న మామూలు కంప్యూటర్‌తో విడివిడిగా ఈ పరీక్షలు చేస్తే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. వీఎంల మధ్య బాగుండి బయటికి మాత్రమే చెడితే అసలు కార్డు, దాని డ్రైవర్ దగ్గర వెతకాలి. హోస్ట్ నేరుగా బయటికి బాగా మాట్లాడుతూ వీఎం మాత్రమే తడబడితే బ్రిడ్జ్, ట్యాప్, గెస్ట్ డ్రైవర్ల వంతు.

క్యాప్చర్ చూసి కంగారు పడొద్దు

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. వీఎం లోపల టీసీపీడంప్ లేదా వైర్‌షార్క్ నడిపితే బయటికి వెళ్లే ప్యాకెట్లన్నిటికీ 'చెక్‌సమ్ తప్పు' అని కనిపించవచ్చు. 1,500 బైట్లు దాటకూడని నెట్‌వర్క్‌లో 20 వేలు, 30 వేల బైట్ల ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. రెండూ మామూలే. క్యాప్చర్ సాధనం ప్యాకెట్‌ను కార్డుకు చేరకముందే చూస్తోంది. గడి నింపే పని, ముక్కలు కోసే పని అప్పటికి జరగలేదు. వైర్‌షార్క్ స్వయంగా 'ఇది చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ వల్ల కావచ్చు' అని సూచిస్తుంది.

నిజం తెలియాలంటే అందుకునే వైపు క్యాప్చర్ చేయాలి. అదీ వేరే భౌతిక కంప్యూటర్ మీద అయితే ఇంకా మంచిది. అక్కడ కూడా చెక్‌సమ్ తప్పుగానే ఉంటే ప్యాకెట్ నిజంగానే పాడై వచ్చింది. అక్కడ సరిగ్గా ఉంటే పంపేవైపు కనిపించింది లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

లినక్స్‌లో ఒక్కొక్కటిగా

లినక్స్‌లో ఈ పనికి ఈత్‌టూల్ అనే కమాండ్ ఉంది. చిన్న కె ఆప్షన్, కార్డు పేరు ఇస్తే ప్రస్తుతం ఏవి ఆన్‌లో ఉన్నాయో చూపిస్తుంది. పెద్ద కె ఆప్షన్‌తో మారుస్తుంది. పెద్ద కె, కార్డు పేరు, ఆ తర్వాత 'టీఎస్‌ఓ ఆఫ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే ఆ ఒక్క సెట్టింగ్ ఆగుతుంది. పక్కన 'ఫిక్స్‌డ్' అని ఉన్నవి అక్కడ మార్చడానికి వీలుకానివి.

మొదలుపెట్టే ముందు చిన్న కె ఇచ్చిన జాబితా మొత్తాన్ని ఒక ఫైలులో దాచుకోవాలి. తిరిగి వెనక్కి రావడానికి అదే దారి. తర్వాత ఈ క్రమంలో వెళ్లాలి: ముందు గెస్ట్‌లో ఎల్‌ఆర్‌ఓ, తర్వాత జీఆర్‌ఓ, ఆపై టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, అన్నిటికన్నా చివర చెక్‌సమ్. పంపే చెక్‌సమ్ ఆపితే దాని మీద ఆధారపడే టీఎస్‌ఓ కూడా తనంతట తానే ఆగిపోతుంది. అందుకే దాన్ని ముందే ముట్టుకుంటే ఏది మందుగా పనిచేసిందో తెలియదు.

ఒకదాన్ని మార్చి ఐపెర్ఫ్3తో కొలవాలి. తేడా లేకపోతే దాన్ని మళ్లీ ఆన్ చేసి తర్వాతిదానికి వెళ్లాలి. గెస్ట్‌లో ఏదీ తేల్చకపోతే ఇదే క్రమాన్ని హోస్ట్‌లో ట్యాప్ మీద, బ్రిడ్జ్ మీద, చివరగా అసలు కార్డు మీద చేయాలి. అసలు కార్డు మీద మార్పు అందులోని వీఎంలన్నిటికీ తగులుతుందని గుర్తుంచుకోవాలి.

విండోస్‌లో

విండోస్ గెస్ట్‌లో డివైస్ మేనేజర్‌కు వెళ్లి కార్డు ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరిస్తే ఈ సెట్టింగులన్నీ వరుసగా ఉంటాయి. పవర్‌షెల్‌లో అయితే గెట్-నెట్‌అడాప్టర్‌ఎల్‌ఎస్‌ఓ, గెట్-నెట్‌అడాప్టర్‌ఆర్‌ఎస్‌సీ, గెట్-నెట్‌అడాప్టర్‌చెక్‌సమ్‌ఆఫ్‌లోడ్ అనే కమాండ్లు స్థితి చూపిస్తాయి. 'గెట్' బదులు 'డిజేబుల్' అంటే ఆపుతాయి, 'ఎనేబుల్' అంటే తిరిగి ఆన్ చేస్తాయి.

ఒక జాగ్రత్త: ఈ మార్పుతో మామూలుగా కార్డు ఒకసారి రీస్టార్ట్ అవుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో కూర్చుని చేస్తే కనెక్షన్ తెగుతుంది. బిల్లింగ్ నడిచే వేళ అస్సలు చేయకూడదు. హైపర్-వీ కన్సోల్ లేదా వీఎంవేర్ కన్సోల్ నుంచి లోపలికి వెళ్లి చేసుకోవడం సురక్షితం.

హైపర్-వీ హోస్ట్‌లో మరో రెండు చోట్లు చూడాలి. విండోస్ సర్వర్ 2019 నుంచి వర్చువల్ స్విచ్‌లోనే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఎస్‌సీ ఉంది, బయటి నెట్‌వర్క్‌కు కలిపిన స్విచ్‌ల మీద ముందే ఆన్‌లో ఉంటుంది. సెట్-వీఎంస్విచ్ కమాండ్‌తో దాన్ని ఆపి చూడవచ్చు. రెండోది వీఎంక్యూ. విండోస్ సర్వర్ 2012 రోజుల్లో కొన్ని బ్రాడ్‌కామ్ 1 గిగాబిట్ కార్డుల్లో వీఎంక్యూ ఆన్‌లో ఉంటే వీఎంల నెట్‌వర్క్ బాగా నెమ్మదించేది. మైక్రోసాఫ్ట్ ఆ విషయాన్ని నమోదు చేసి, డ్రైవర్ అప్‌డేట్ చేయాలని, లేదంటే వీఎంక్యూ ఆపాలని సూచించింది. పాత సర్వర్లు ఇంకా నడుస్తున్న చోట ఇది మొదట చూడదగ్గ విషయం.

తరచూ ఎదురయ్యే సందర్భాలు

వీఎంకు ఐపీ అడ్రస్ రాదు: హోస్ట్ మీదే డీహెచ్‌సీపీ నడుస్తుంటే, అది పంపే జవాబులో చెక్‌సమ్ పూర్తికాకుండానే గెస్ట్‌కు చేరుతుంది. పాత డీహెచ్‌సీపీ క్లయింట్లు దాన్ని పాడైన ప్యాకెట్‌గా భావించి పడేసేవి. దీనికోసమే 2010లో ఐపీటేబుల్స్‌కు చెక్‌సమ్ నింపే ప్రత్యేక ఏర్పాటు చేర్చారు. కొత్త క్లయింట్లు ఆ గుర్తును చదవగలవు. పాత గెస్ట్‌లను కొత్త హోస్ట్ మీదకు తెచ్చినప్పుడు ఇది మళ్లీ తలెత్తవచ్చు.

వీఎంనే రూటర్ లేదా ఫైర్‌వాల్‌గా వాడటం: వచ్చిన ప్యాకెట్లను ఎల్‌ఆర్‌ఓ కలిపేస్తే, ఆ పెద్ద ముద్ద అవతలి దారిలో పట్టదు. వేగం దారుణంగా పడిపోతుంది. ఫార్వర్డింగ్ ఆన్ చేస్తే లినక్స్ ఎల్‌ఆర్‌ఓను తానే ఆపుతుంది, అయినా ఒకసారి సరిచూసుకోవాలి. పీఎఫ్‌సెన్స్‌ను వర్టియో కార్డులతో నడిపేటప్పుడు హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపమని దాని తయారీదారుల పత్రాలే చెబుతాయి.

ప్రాక్స్‌మాక్స్ హోస్ట్ మొత్తం నెట్‌వర్క్ నుంచి మాయమవడం: కొన్ని ఇంటెల్ ఈ1000ఈ కార్డుల్లో లోడు పెరిగినప్పుడు లాగ్‌లో 'హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్' అని వస్తుంది. అసలు కార్డు మీద టీఎస్‌ఓ, జీఎస్‌ఓ ఆపడం చాలామందికి పనిచేసిన ఉపాయం.

టన్నెల్ మీద కనెక్షన్ ఆలస్యం: కూబర్నెటీస్‌లో ఫ్లానెల్ వీఎక్స్‌లాన్ వాడినచోట కనెక్షన్ సరిగ్గా 63 సెకన్లు ఆగి తర్వాత కుదిరిన సందర్భాలు నమోదయ్యాయి. టీసీపీ తొలి ప్యాకెట్‌ను 1, 2, 4, 8, 16, 32 సెకన్ల విరామాలతో మళ్లీ మళ్లీ పంపుతుంది. వాటి మొత్తమే 63. కారణం చెక్‌సమ్ తప్పుగా వెళ్లడం. టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద పంపే చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపితే సరిపోయింది. ఆగిన సమయం ఇలా గుండ్రంగా, ప్రతిసారీ ఒకేలా ఉంటే అదే ఒక ఆధారం.

భద్రతా నిఘా వీఎంలు: సురికాటా లాంటి సాఫ్ట్‌వేర్‌కు ప్యాకెట్లు తీగ మీద ఉన్నట్టే కనిపించాలి. అందుకే నిఘా కార్డు మీద జీఆర్‌ఓ, ఎల్‌ఆర్‌ఓ ఆపమని దాని మార్గదర్శకాలు చెబుతాయి.

నెమ్మది కన్నా పెద్ద ప్రమాదం

పైవన్నీ పని ఆగిపోయే సమస్యలు. ఆగిపోతే కనీసం తెలుస్తుంది. అసలు భయపడాల్సింది పని ఆగకుండా డేటా చెడిపోవడం.

2016 ఆరంభంలో ట్విట్టర్ ఇంజనీర్లు అలాంటి ఒక లోపాన్ని బయటపెట్టారు. వాళ్ల డేటా సెంటర్‌లో ఒక స్విచ్ చెడి ప్యాకెట్లలోని డేటాను పాడుచేస్తోంది. మామూలుగా అయితే చెక్‌సమ్ కుదరక అవి పడిపోవాలి. కానీ కంటైనర్లకు వాడే వీఈత్ అనే వర్చువల్ కార్డు డ్రైవర్, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్లకు కూడా 'సరిచూడటం అయిపోయింది' అని ముద్ర వేసి లోపలికి పంపింది. దాంతో పాడైన డేటా నేరుగా అప్లికేషన్లకు చేరింది. ఆ ముద్ర ఒకే మెషీన్‌లో పుట్టిన ప్యాకెట్లకు సరైనదే, తీగ మీద నుంచి వచ్చినవాటికి కాదు. తర్వాత లినక్స్ కెర్నల్‌లో ఆ డ్రైవర్‌ను సరిచేశారు. సరిచేసేవరకు ఆ కార్డుల మీద చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ ఆపడమే దారి అయింది.

దీన్నిబట్టి తెలిసేది, చెక్‌సమ్ సెట్టింగ్‌ను వేగం సెట్టింగ్‌గా మాత్రమే చూడకూడదని. వీఎంలోని బ్యాకప్ ఫైళ్లు తెరవడం కుదరకపోయినా, కాపీ చేసిన ఫైలు హ్యాష్ అసలుదానితో సరిపోకపోయినా 'మళ్లీ కాపీ చేస్తే సరి' అని వదిలేయకూడదు. పద్దు పుస్తకాలు, రోగుల రికార్డులు, మార్కుల జాబితాలు ఉన్న సర్వర్లలో అయితే మరీనూ.

మార్పు నిలవాలంటే

ఈత్‌టూల్‌తో చేసిన మార్పు రీబూట్‌తో పోతుంది. పరీక్ష దశలో ఇది మంచిదే, తప్పు చేసినా రీస్టార్ట్‌తో పాత స్థితికి వస్తుంది. ఏది అవసరమో తేలాక శాశ్వతం చేయాలి. నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్నచోట కనెక్షన్ సెట్టింగుల్లోనే ఈత్‌టూల్ విభాగం ఉంది. సిస్టమ్‌డీ వాడేచోట లింక్ ఫైలులో రాయవచ్చు. డెబియన్, ప్రాక్స్‌మాక్స్‌లలో ఇంటర్‌ఫేసెస్ ఫైలులో పోస్ట్-అప్ వరుస చేర్చితే చాలు. విండోస్‌లో మార్పు దానంతటదే నిలుస్తుంది.

ఆపిన ప్రతి సెట్టింగ్‌కూ ప్రాసెసర్ రూపంలో ఖర్చు ఉంటుంది. 1 గిగాబిట్ లైను, నాలుగైదు వీఎంలు ఉన్న చిన్న ఆఫీసులో అది తెలియకపోవచ్చు. 10 గిగాబిట్ లైను మీద, డజన్ల వీఎంలు ఉన్న హోస్ట్‌లో మాత్రం కచ్చితంగా తెలుస్తుంది. కాబట్టి ఆపడాన్ని తాత్కాలిక చికిత్సగానే చూడాలి. కార్డు ఫర్మ్‌వేర్, హోస్ట్ కెర్నల్, గెస్ట్‌లోని వర్టియో డ్రైవర్లు లేదా వీఎంవేర్ టూల్స్ కొత్త వెర్షన్‌కు మార్చాక ఒకసారి తిరిగి ఆన్ చేసి కొలవాలి.

అన్నిటికీ ముందు, హోస్ట్ దగ్గర ఒక చిన్న నోట్ ఉండాలి. ఏ తేదీన, ఏ కార్డు మీద, ఏ సెట్టింగ్, ఎందుకు మార్చారు, అప్పుడు వేగం ఎంత, తర్వాత ఎంత అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. మార్చినవాళ్లు ఉద్యోగం మారి వెళ్లిపోయినా, తర్వాత వచ్చినవాళ్లు ఆ సెట్టింగ్ ఎందుకలా ఉందో తెలియక మళ్లీ మొదటికి వెళ్లాల్సిన పని ఉండదు.